ఎక్స్‌ప్రెస్ ఇంట్లో ఉన్న చలికాలం

మా ఆయన్ని డిపోలో అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు, ఇంకెవర్నో అనుకుంటాడు. రాత్రి బస్సు నడుపుతాడు. బస్సు వేగం సంగతి దేవుడెరుగు, మనిషి మాత్రం నిజంగా ఎక్స్‌ప్రెస్సే. నిలబడి తింటాడు, నడుస్తూ గుండీలు పెట్టుకుంటాడు, టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుంటాడు. మా పెళ్లి ఫొటోలో అందరి ముఖాలూ చక్కగా ఉంటాయి, ఆయన ముఖం ఒక్కటే చెదిరి ఉంటుంది. ఆ ఒక్క క్షణం కూడా కదలకుండా నిలబడలేకపోయాడు మహానుభావుడు.

నాది రొట్టెల బేకరీలో పని. తెల్లవారకముందే వెళ్లాలి. ఆయన బస్సు డిపో చేరే వేళకి నా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉంటాయి. మధ్యాహ్నం నేను ఇల్లు చేరేసరికి ఆయన ముసుగుతన్ని నిద్రపోతుంటాడు. ఆయన లేచే వేళకి నాకు కునుకు పడుతుంది. వారానికో సెలవుంటుంది కానీ ఆయనదొక రోజు, నాదొక రోజు. ఇన్నేళ్ల కాపురమూ అలాగే సాగింది. బాగానే సాగింది, ఎవరూ జాలిపడక్కర్లేదు.

మాటలకు వీలు లేదు కాబట్టి వస్తువులతో మాట్లాడుకునేవాళ్లం. కూర్చుని పెట్టుకున్న నియమాలు కావవి, వాటంతటవే ఏర్పడ్డాయి. పొయ్యి పక్కన గ్లాసు బోర్లించి ఉంటే తిన్నానని, నిలబెట్టి ఉంటే తినలేదని. టోపీ కుర్చీలో ఉంటే లేపొద్దని. చెప్పులు గోడవైపు తిరిగి ఉంటే కోపమొచ్చిందని, ఎందుకొచ్చిందో నువ్వే కనుక్కోమని. ఇక ఆయన రాత్రి డ్యూటీ కోటు. ముదురు నీలం ఉన్ని కోటు, జేబు మీద ఇత్తడి బిళ్ల. ఆ బిళ్ల రాత్రి డ్రైవర్లకే ఇస్తారు, అదంటే ఆయనకు ప్రాణం. నేను సాయంత్రం కునుకు తీయబోయే ముందు ఆ కోటు దులిపి తలుపు పక్క మేకుకి తగిలించేదాన్ని. డబ్బాలో భోజనం సర్దాను, అంతా సవ్యంగానే ఉంది, వెళ్లిరండి అని దాని అర్థం.

"మీ ఇద్దరిదీ మూగ కాపురమే" అనేది మా అత్తయ్య. ఆవిడ మాతోనే ఉంటుంది. చూపు సరిగ్గా ఆనదు కానీ నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది.

ఈ ఏడు పొగమంచు ముందే దిగింది. ఎదురింటి కిటికీ కూడా కనపడనంతగా కమ్మేసింది. మంచు వదిలేదాకా రాత్రి సర్వీసులన్నీ ఆపేశారు. డిపో మేనేజరు ఆయన్ని పిలిచి, చలికాలం పోయాక మళ్లీ రాత్రి బస్సే తీసుకుంటావా, పగటి సిటీ బస్సుకు మారతావా, ఆలోచించుకుని చెప్పమన్నాడట. చెప్పాక ఏడాది దాకా మార్పు ఉండదన్నాడట. డిపో డాక్టరేమో రక్తపోటు చూసి, "ఈ చలికాలమైనా నిదానంగా బతకవయ్యా. చేతులకేదైనా చిన్న పని పెట్టుకో" అన్నాడట. ఆయన ఇదంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాడు.

"మరి ఏం చేస్తారు?" అన్నాను.

"చూద్దాం" అన్నాడు.

చూద్దామంటే ఏం చూడాలి? పగటి బస్సంటే సాయంత్రాలు ఇంట్లో ఉంటాడు. రాత్రుళ్లు ఇంట్లో ఉంటాడు. అది నాకు కావాలో వద్దో, ఒట్టు, నాకే తెలియలేదు. బేకరీ నుంచి వచ్చాక కాళ్లు స్టూలు మీదికి చాపి, కిటికీ దగ్గర ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే గంట ఒకటి ఉండేది నాకు. అందులోకి ఇంకో మనిషి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించడానికే బుర్ర పనిచేయలేదు. అలాగని వద్దని కూడా అనుకోలేదు. ఏమిటో అంతా తికమకగా ఉండేది.

మర్నాడు నేనొచ్చేసరికి గోడకి ఒక కాగితం అంటించి ఉంది, డిపోలో బస్సుల వేళలు రాసినట్టు. నిదానంగా టీ, తొమ్మిది. నిదానంగా నడక, తొమ్మిదింపావు. బొమ్మలు గీయడం, పది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బల్ల నిండా రంగులు. డ్రాయింగు పుస్తకం మొత్తం ఒకే పూటలో నింపేశాడు. ప్రతి పేజీలోనూ మా టీ కెటిలే.

"ఒకటి గీస్తే సరిపోదా?" అన్నాను.

"పుస్తకం అయిపోయింది. ఇంకోటి కొనాలి" అన్నాడు, ఏదో ఊరు దాటేసినట్టు.

తర్వాత చెక్క చెంచాలు చెక్కుతానన్నాడు. బొటనవేలు కోసుకున్నాడు. మట్టి తెచ్చి కుండీలు చేశాడు, ఆరకముందే మొక్కలు పెట్టాడు, కుండీలు కూలబడ్డాయి. ఇల్లంతా మట్టి. ఒళ్లు మండిపోయింది నాకు. మంచులో పడి వచ్చి, కాళ్లు చాపుకుందామంటే నా స్టూలు మీద బంకమట్టి!

చివరికి అత్తయ్యే అడ్డుపడింది. "ఒరేయ్, నీ దూకుడికి ఏదీ తట్టుకోదురా. ఇలా కూర్చో" అని పాత బట్టలు పీలికలుగా చించి ఆయన చేతిలో పెట్టింది. మూడేసి పీలికలు జడలా అల్లి, ఆ జడని చుట్టలా చుట్టుకుంటూ కుడితే నేల మీద పరుచుకునే చాప అవుతుంది. ఆయన గబగబా మూరెడు అల్లేసి చూపించాడు. ఆవిడ కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, "విప్పు" అంది.

"బానే ఉందిగా అమ్మా!"

"వదులుగా ఉంది. విప్పు."

ఆ వారమంతా మా ఇంట్లో వినపడిన మాట అదొక్కటే. నా పాత గౌన్లు, దిండు గలీబులు, ఆయన చిరిగిన ఖాకీ చొక్కాలు, అన్నీ అల్లడం, విప్పడం, మళ్లీ అల్లడం. ఎన్నిసార్లు విప్పించిందో గానీ, ఒక మధ్యాహ్నం నేను వచ్చి చూస్తే ఆయన కాళ్లు మడుచుకుని కిందే కూర్చుని, ఒక్కో మడతా బిగించి చూసుకుంటూ అల్లుతున్నాడు. నేనొచ్చిన సంగతి కూడా గమనించలేదు. పక్కన టీ ఉంది, చల్లారిపోయింది. నాకు భయమేసింది, నిజం చెబుతున్నాను. ఒంట్లో బాగోలేదేమోనని నుదురు తాకి చూశాను.

"ఏంటి?" అన్నాడు.

"ఏం లేదు" అన్నాను.

అల్లిక కుదురుకుందో లేదో, ఇంటి మీద పడ్డాడు. ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక చోటుండాలి, చూడగానే మనసుకి హాయిగా ఉండాలి అని ఏదో వారపత్రికలో చదివాడట. ఇక సర్దడమే సర్దడం. అక్కడ మొదలైంది అసలు గోల. నేను వచ్చి చూస్తే పొయ్యి పక్కన గ్లాసు నిలబెట్టి ఉంది. అయ్యో, తినలేదా మనిషి అని ఆదరాబాదరాగా వేడి చేసి పెట్టాను. కిమ్మనకుండా తిన్నాడు. మర్నాడూ అంతే. మూడో రోజు తినలేక తినలేక తింటుంటే అత్తయ్య ఉండబట్టలేక, "ఏమే, మధ్యాహ్నం నాతో శుభ్రంగా తిన్నాడే, మళ్లీ ఎందుకు కుక్కుతున్నావ్?" అంది.

"గ్లాసు నిలబెట్టి ఉంది కదా?"

"గ్లాసులన్నీ నిలబెడితే చూడ్డానికి బాగుంటుందని పెట్టాను" అన్నాడాయన, కడుపు పట్టుకుని.

"మరి తిన్నానని చెప్పొచ్చుగా?"

"ప్రేమగా పెడుతున్నావేమో అనుకున్నా."

మిగిలిన అన్నం తీసి మూత పెట్టేశాను. ఆ తర్వాత చెప్పుల గొడవ. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు గోడవైపు తిరిగి ఉన్నాయి. ఏం చేశానో, ఏమన్నానో ఎంత గుర్తు చేసుకున్నా తట్టలేదు. ఏ తప్పూ చేయకుండానే మూతి ముడుస్తాడా అని నాకూ పంతమొచ్చింది. నా చెప్పులూ గోడవైపు తిప్పేశాను. రెండు రోజులు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చివరికి తేలిందేమిటయ్యా అంటే, అలా పెడితే వరుసగా, నీటుగా ఉంటాయని పెట్టాడట! నేను కూడా తిప్పి పెట్టేసరికి, "నీకూ నచ్చింది కాబోలు అనుకున్నా" అన్నాడు. మరి ముఖమెందుకు చూడలేదంటే, నువ్వు చూడట్లేదని నేనూ చూడలేదన్నాడు. అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇక ఈ మనిషి వస్తువులకు అర్థాలు వెతకడం మానేయాలి, ఏది ఎక్కడుంటే అక్కడ, అది ఉత్త సర్దుడే అని ఆ రోజే గట్టిగా తీర్మానించుకున్నాను.

అలా మానేశాక కాస్త ప్రశాంతంగా ఉంది. సాయంత్రాలు రేడియో కట్టేసి, చిన్న దీపం పెట్టి, ముగ్గురం కూర్చుని తినడం మొదలుపెట్టాం. ఇదీ ఆ వారపత్రిక చలవే. మొదట్లో ఏం మాట్లాడాలో ఎవరికీ పాలుపోయేది కాదు, చెంచాల చప్పుడే. ఒకరోజు ఆయనే అడిగాడు, చలికాలం మీ బేకరీలో రొట్టెలు ఆలస్యంగా ఎందుకొస్తాయని. ఇన్నేళ్లలో నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. చలికి పిండి తొందరగా పొంగదని చెప్పాను. పొయ్యి పక్కన పెట్టి తొందరపెడితే పైకి పొంగినట్టే ఉంటుంది కానీ లోపల ముద్దగా ఉండిపోతుందని చెప్పాను.

"అయితే దాని మానాన దాన్ని వదిలేస్తారన్నమాట."

"వదిలేస్తే ఎలా? తడిగుడ్డ కప్పి, మధ్యమధ్యలో వేలితో నొక్కి చూస్తూ ఉండాలి."

"నొక్కితే ఏం తెలుస్తుంది?"

చెప్పాను. గుంట నెమ్మదిగా పూడితే అయిందని, వెంటనే పూడితే కాలేదని. ఆయన అల్లుతున్న జడ ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. నేను అంతసేపు మాట్లాడగలనని నాకే తెలియదు. ఆ రాత్రి పడుకున్నాక కూడా ఇంకా ఏదో చెప్పాలనిపించింది.

ఆ తర్వాత నాకేం పుట్టిందో గానీ బేకరీ నుంచి పరుగులాంటి నడకతో ఇంటికి రావడం మొదలుపెట్టాను. "పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయావా?" అని బేకరీలో నవ్వేవాళ్లు. నాకు ఆ నవ్వు మీద కోపం, నా కాళ్ల మీద కోపం. తీరా ఇంటికొచ్చి, ఆయన కిటికీ దగ్గర కూర్చుని కనపడితే, నా చోట కూర్చున్నాడని మళ్లీ కోపం. ఆయన లేచి లోపలికి వెళ్తే, ఎందుకు వెళ్లాడని ఇంకో కోపం. మనిషికి పిచ్చి పట్టడమంటే ఇదేనేమో అనుకునేదాన్ని.

మంచు పలచబడుతోంది. రాత్రి బస్సా, పగటి బస్సా ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

"అడగవే" అంది అత్తయ్య.

"ఆయనే చెప్పొచ్చుగా అత్తయ్యా?"

నేనడిగితే రాత్రి బస్సే అంటాడేమోనని భయం. పగలు తీసుకోండని నేనే అంటే, నా కోసం మానుకుని, ఆ ఇత్తడి బిళ్ల తలుచుకుని జన్మంతా నిట్టూరుస్తాడేమోనని ఇంకో భయం. అయినా అడుగుదామని నోటిదాకా తెచ్చుకోవడం, మింగేయడం.

ఒక మధ్యాహ్నం నేను వచ్చేసరికి ఆయన నడకకి వెళ్లాడు. అత్తయ్య కుర్చీలో కునికిపాట్లు పడుతోంది. పీలికల బుట్టలో పాత బట్టలన్నీ అయిపోయాయి. ఖాళీ బుట్ట మీద ఆయన రాత్రి డ్యూటీ కోటు మడిచి పెట్టి ఉంది. దాని మీద కత్తెర. చూపు ఆనని అత్తయ్య, నిద్రకళ్లతో ఏదో పాతబట్టనుకుని చించేస్తే? సర్దుడు సర్దుడని ప్రాణం తీసే ఈయన, బంగారం లాంటి కోటు తీసుకెళ్లి పీలికల బుట్టలో పడేస్తాడా? తిట్టుకుంటూనే కోటు తీసుకున్నాను. బ్రష్షుతో దులిపాను. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను, కాలర్ కింద కూడా. ఎలాగూ చేస్తున్నాను కదా అని బిళ్లని తళతళలాడేలా తోమాను. ఆయన ముచ్చటపడతాడని తలుపు పక్క మేకుకి తగిలించాను.

ఆయన వచ్చాడు. గుమ్మంలోనే ఆగి కోటు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగా మెరుస్తోంది" అన్నాడు.

"మరేమనుకున్నారు?" అన్నాను గర్వంగా.

కత్తెర తీసి సొరుగులో పెట్టాడు. ఆ సాయంత్రం నిలబడి తిన్నాడు.

తర్వాత రోజుల్లో ఆయన మళ్లీ పాత మనిషైపోయాడు. దీపం పెట్టడం మానేశాడు. చాప సగంలో మంచం కిందికి పోయింది. గోడ మీద కాగితం చించేశాడు. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషికి ఏమొచ్చిందో నాకు అంతుపట్టలేదు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, బాగానే ఉందన్నాడు.

ఆ వారం చివర్లో సాయంత్రం కునుకులోంచి లేచి చూస్తే ఆయన కోటు వేసుకుని, భోజనం డబ్బా పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"ఎక్కడికి?"

"డ్యూటీకి. ఇవాళ్టి నుంచి రాత్రి సర్వీసులు మొదలు."

"రాత్రి బస్సు తీసుకున్నారా? ఎప్పుడు చెప్పారు డిపోలో?"

"నువ్వు కోటు ఇస్త్రీ చేసిన మర్నాడే" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఎక్స్‌ప్రెస్ కదా, నేను నోరు తెరిచేలోపే మలుపు తిరిగేశాడు.

నాకు దిమ్మతిరిగిపోయింది. నా ఇస్త్రీకీ ఆయన డ్యూటీకీ సంబంధమేమిటి? వెనక్కి తిరిగితే అత్తయ్య నన్నే చూస్తోంది.

"వాడు కత్తెర పెట్టి అడిగాడే పిచ్చిదానా" అంది. "ఈ కోటు నాకిక అక్కర్లేదు, చించి చాపలో కలిపేయనా అని. కలిపేయమంటే పగటి బస్సు, వద్దంటే రాత్రి బస్సు. నువ్వేమో మేకుకి తగిలించావు."

"మీకు తెలుసా! తెలిసి నాతో ఒక్క ముక్క చెప్పలేదా?"

"చెబితే కొడుకు తరఫున వచ్చాననవూ? తనే చెబుతుందిలే అమ్మా, నువ్వు దూరకు అన్నాడు వాడు. నువ్వు ఇస్త్రీ చేసే చప్పుడుకి మెలకువొచ్చింది. పంపించాలనే ఉంది కాబోలు దీనికి అనుకున్నాను."

నా మీద నాకు, ఆయన మీద, ఈవిడ మీద, అందరి మీదా ఒక్కసారే కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. గ్లాసులకీ చెప్పులకీ అర్థం లేదని తేల్చి, నన్ను మొద్దుని చేసి, ప్రాణం మీదికొచ్చిన ప్రశ్న మళ్లీ వస్తువుతోనే అడుగుతాడా? ఏది సర్దుడో, ఏది మాటో నేనెలా కనిపెట్టను?

తెల్లవారుజామున బేకరీకి ఇవాళ రాలేనని కబురు పంపి, తిన్నగా డిపోకి వెళ్లాను. అన్నేళ్లలో అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. గేటు పక్క డీజిలు వాసనలో శాలువా కప్పుకుని నిలబడ్డాను. బస్సులు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఆయన బస్సు దిగి, నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మకేమైనా అయ్యిందా?"

"అమ్మకేం కాలేదు. నాకే అయ్యింది. కోటు బుట్టలో ఎందుకు పెట్టారు?"

"నీకు తెలీదా?"

"తెలీదు!"

"మరి ఇస్త్రీ ఎందుకు చేశావ్?"

"అత్తయ్య చించేస్తుందని!"

కండక్టరు పక్కనుంచి ఆయన్ని ఏదో అడిగి, జవాబు రాక వెళ్లిపోయాడు.

"వెళ్లమన్నావనుకున్నా" అన్నాడు చివరికి. "బిళ్ల కూడా తోమావు. ఇంత త్వరగా వదిలించుకోవాలని ఉందా అనుకున్నా."

"నోటితో అడగొచ్చు కదండీ?"

"నోటితో వద్దంటే? ఆ తర్వాత ఇంట్లో నేనెక్కడ కూర్చోవాలి?"

ఆ మాటకి నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఇంత పెద్ద బస్సు తోలే మనిషి, చేతులు జేబుల్లో దోపుకుని, స్కూలు ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. తప్పంతా ఆయనదేనని చెప్పడానికే వచ్చాను. కానీ నోటికి వచ్చిందేదో వచ్చినట్టే అనేశాను.

"నాకు మీరు ఇంట్లో కావాలి. కిటికీ దగ్గర నా గంట కూడా నాకు కావాలి. మీరు లేకపోతే తోచట్లేదు, ఉంటే విసుగొస్తోంది. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలీదు. కానీ మీరు వెళ్లొద్దు."

ఎవరో వింటున్నారని తెలుసు. విననీ అనుకున్నాను.

"ఏడాది దాకా మార్పు లేదన్నారే" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"అన్నారు."

"సంతకం కూడా చేసేశా."

"చేశారు."

మేనేజరు గది వైపు చూసి, "వెళ్లి అడగనా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ మనిషి నన్ను నోటితో అనుమతి అడగడం అదే మొదలు.

"అడగండి" అన్నాను.

"ఏమని అడగాలి?"

"నాకేం తెలుసు? ఏదో ఒకటి అడగండి. పొరపాటైందని చెప్పండి. మా ఆవిడ కోటు ఇస్త్రీ చేసిందని చెప్పండి."

"నవ్వుతారేమో?"

"నవ్వితే నవ్వనివ్వండి!"

ఆయన మేనేజరు గది వైపు నడిచాడు. తలుపు దగ్గర ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాడు. నేను బయట అద్దాల కిటికీ దగ్గర నిలబడ్డాను. మేనేజరు తల అడ్డంగా ఊపడం కనిపించింది. ఇక వచ్చేస్తాడనుకున్నాను. రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అద్దం వల్ల ఒక్క మాటా వినపడలేదు కానీ ఆయన నోరు కదులుతూనే ఉంది.